సూర్యగమనం, కాలాలు, వాతావరణం: జగ్గయ్యపేట–నందిగామ మెట్ట

భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల రాత్రింబవళ్లు, ఒక పక్కకు ఒరిగిన అక్షంతో సూర్యుని చుట్టూ తిరగడం వల్ల కాలాలు ఏర్పడతాయి. ఈ రెండు కదలికలూ ప్రపంచమంతటికీ ఒకటే. వాటి ఫలితం మాత్రం ఊరు ఏ అక్షాంశం మీద ఉంది, సముద్రం ఎంత దూరం, గాలి ఎటునుంచి వీస్తుంది, నేల తడిగా ఉందా పొడిగా ఉందా అన్నదాన్ని బట్టి మారిపోతుంది. పాత కృష్ణా జిల్లా పశ్చిమపు మెట్టలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. ఇక్కడ సూర్యుడు ఏటా రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు నేల పగుళ్లిస్తుంది, రెండోసారి వచ్చినప్పుడు అదే నేల మీద పత్తి చేలు పచ్చగా ఉంటాయి.

జగ్గయ్యపేట 16.89 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.10 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, నందిగామ 16.78 డిగ్రీల అక్షాంశం, 80.29 డిగ్రీల రేఖాంశం దగ్గర ఉన్నాయి. రెండూ హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారికి దగ్గరి ఊళ్లే. దక్షిణాన కృష్ణానది, ఉత్తరాన ఖమ్మం జిల్లా హద్దులు. మధ్యలో పాలేరు, మున్నేరు, వైరా వంటి ఏర్లు పారుతూ కృష్ణకు చేరతాయి. సముద్రతీరం నందిగామకు సుమారు 100 కిలోమీటర్ల దూరం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పటి నుంచి ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నా, వ్యవసాయం గురించి మాట్లాడేటప్పుడు పాత కృష్ణా జిల్లా మెట్ట, డెల్టా అన్న విభజనే ఇప్పటికీ వాడుకలో ఉంది.

రోజు

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి సూర్యుడు తూర్పున పొడిచి పడమట కుంకుతున్నట్టు కనిపిస్తాడు. భూమధ్యరేఖ దగ్గర ఈ వేగం గంటకు సుమారు 1670 కిలోమీటర్లు. జగ్గయ్యపేట అక్షాంశం దగ్గర 1600 కిలోమీటర్లు. నక్షత్రాలను కొలతగా తీసుకుంటే భూమి ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. ఈలోగా భూమి తన కక్ష్యలో దాదాపు ఒక డిగ్రీ ముందుకు జరిగిపోతుంది. అందువల్ల సూర్యుణ్ని మళ్లీ అదే చోట చూడాలంటే ఇంకో నాలుగు నిమిషాలు తిరగాలి. ఇరవై నాలుగు గంటల రోజు ఆ విధంగా వచ్చింది.

భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద లెక్కించినది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. రేఖాంశం ఒక డిగ్రీ పడమటికి జరిగితే సూర్యుడు నాలుగు నిమిషాలు ఆలస్యంగా నడిమింటికి వస్తాడు. ఆ లెక్కన జగ్గయ్యపేటలో అసలైన మిట్టమధ్యాహ్నం సగటున పన్నెండు దాటి పది నిమిషాలకు, నందిగామలో తొమ్మిది నిమిషాలకు వస్తుంది. రెండు ఊళ్లకూ సూర్యోదయంలో తేడా నిమిషంలోపే.

ఇది సగటు మాత్రమే. భూమి కక్ష్య సరైన వృత్తం కాదు, అక్షమూ నిటారుగా లేదు. ఈ రెంటివల్లా సూర్యుడు గడియారం కన్నా కొన్నాళ్లు ముందుంటాడు, కొన్నాళ్లు వెనకబడతాడు. జగ్గయ్యపేటలో ఫిబ్రవరి రెండో వారంలో మధ్యాహ్నం 12.24కు గాని సూర్యుడు అత్యంత ఎత్తుకు చేరడు. నవంబరు మొదటి వారంలో 11.53కే చేరిపోతాడు. డిసెంబరు 21న పగలు అన్నిటికన్నా చిన్నది కదా, అన్నిటికన్నా ఆలస్యంగా తెల్లవారేదీ ఆ రోజేనని చాలామంది అనుకుంటారు. ఆ రోజు సూర్యోదయం దాదాపు 6.34కు అవుతుంది. సంక్రాంతి నాటికి అది 6.42కు జరుగుతుంది, జనవరి నెలాఖరు దాకా అక్కడే ఉంటుంది. పొద్దు గుంకడం మాత్రం నవంబరు చివరి వారంలోనే 5.34 దగ్గర అడుగు తాకి, డిసెంబరు నడిమికల్లా మెల్లగా వెనక్కి జరగడం మొదలుపెడుతుంది. సంక్రాంతి తర్వాత పొద్దు పెరిగిందని జనం అనడం సాయంత్రాలను చూసి. పొద్దున్నే పొలానికి పోయేవాడికి ఆ పెరుగుదల ఫిబ్రవరిలో గాని తెలియదు.

పగటి నిడివిలో మార్పు ఇక్కడ పెద్దగా ఉండదు. జూన్ 21న పగలు 13 గంటల 8 నిమిషాలు, డిసెంబరు 21న 11 గంటల 7 నిమిషాలు. తేడా రెండు గంటలు. ఉత్తర ఐరోపాలో ఈ తేడా పది, పన్నెండు గంటలు ఉంటుంది. పొద్దు గుంకాక చీకటి పడటమూ ఇక్కడ త్వరగానే జరుగుతుంది. సూర్యుడు దిగంతం మీదికి నిటారుకు దగ్గరగా దిగుతాడు కాబట్టి ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాల్లో మసక వెలుతురు అయిపోతుంది.

నీడ

భూమి అక్షం కక్ష్యాతలానికి నిలువుగా కాక 23.4 డిగ్రీలు వాలి ఉంటుంది. ఏడాది పొడవునా ఆ వాలు ఒకే దిక్కుకు, దాదాపు ధ్రువ నక్షత్రం వైపుకు, ఉంటుంది. అందువల్ల ఆరు నెలలు ఉత్తరార్ధగోళం, ఆరు నెలలు దక్షిణార్ధగోళం సూర్యుని వైపు మొగ్గుతాయి. నేల మీది నుంచి చూస్తే సూర్యుడు ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతున్నట్టు కనిపిస్తుంది. జూన్ 21 ప్రాంతంలో కర్కటరేఖ దాకా, డిసెంబరు 21 ప్రాంతంలో మకరరేఖ దాకా వెళ్లి తిరిగి వస్తాడు. ఈ మెట్ట ప్రాంతం కర్కటరేఖకు దక్షిణాన ఉంది కనుక పైకి పోయేటప్పుడు ఒకసారి, కిందికి వచ్చేటప్పుడు ఒకసారి సూర్యుడు సరిగ్గా నెత్తి మీదుగా దాటుతాడు. మొదటిది మే 7 ప్రాంతం, రెండోది ఆగస్టు 5 ప్రాంతం. ఆ రెండు రోజుల్లో మిట్టమధ్యాహ్నం నిటారు స్తంభానికి నీడ ఉండదు.

ఒక మీటరు కర్రను చదునైన నేల మీద నిటారుగా పాతి, ఏడాది పొడవునా మిట్టమధ్యాహ్నపు నీడను కొలిస్తే ఈ కదలిక అంతా అందులోనే తెలుస్తుంది. డిసెంబరు 21న నీడ ఉత్తరానికి 85 సెంటీమీటర్లు. మార్చి 21న 30 సెంటీమీటర్లు. మే 7న సున్నా. ఆ తర్వాత నీడ దిక్కు మార్చుకొని దక్షిణానికి పడుతుంది. జూన్ 21న పదకొండున్నర సెంటీమీటర్ల దాకా పెరిగి, మళ్లీ తగ్గుతూ ఆగస్టు 5కు మాయమవుతుంది. అంటే ఏడాదిలో మూడు నెలల పాటు మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరపు వైపున ఉంటాడు. ఆ రోజుల్లో ఇంటి ఉత్తరపు గోడకు ఎండ తగులుతుంది, దక్షిణపు వసారాకు తగలదు. డిసెంబరులో దీనికి వ్యతిరేకం, సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉండటంతో వసారా లోపలిదాకా ఎండ పడుతుంది. సూర్యోదయ స్థానం కూడా జూన్‌లో నేరు తూర్పుకు 24.6 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరులో అంతే దక్షిణంగా జరుగుతుంది.

నీడ పొడుగైన కొద్దీ అదే ఎండ ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది. డిసెంబరు 21 మధ్యాహ్నం ఒక చదరపు మీటరు నేలకు అందే సూర్యశక్తి, నడినెత్తి ఎండ ఇచ్చేదానిలో 76 శాతం. దానికి పగలు చిన్నది కావడమూ తోడవుతుంది. చలికాలానికి కారణం ఇదే, దూరం కాదు. నిజానికి దూరం లెక్క తారుమారుగా ఉంటుంది. దుప్పట్లు కప్పుకునే జనవరి మొదటి వారంలోనే భూమి సూర్యుడికి అత్యంత దగ్గరగా, 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జూలై మొదటి వారంలో ఆ దూరం 15.21 కోట్ల కిలోమీటర్లు. ఈ తేడా వల్ల భూమికి అందే సూర్యశక్తి దాదాపు ఏడు శాతం మారుతుంది గాని, అక్షం వాలు ముందు అది నిలవదు.

ఎండాకాలం

రోజులో మిట్టమధ్యాహ్నం కాక రెండున్నర, మూడు గంటలకు వేడి అత్యధికంగా ఉంటుంది. నేలకు వచ్చే వేడి, నేల వదిలే వేడికి సమానమయ్యే దాకా ఉష్ణోగ్రత పెరుగుతూనే ఉంటుంది. సమశీతోష్ణ దేశాల్లో ఏడాది లెక్కా ఇలాగే నడుస్తుంది. జూన్ చివరలో పగలు అతి పొడుగైతే, గరిష్ఠపు వేడి జూలైలోనో ఆగస్టులోనో వస్తుంది. జగ్గయ్యపేట, నందిగామల్లో మాత్రం వేడి ముందే వచ్చేస్తుంది. ఏడాదిలో అతి వేడి రోజులు మే నెలలోనూ జూన్ మొదటి వారంలోనూ ఉంటాయి. జూన్ 21 వచ్చేసరికి ఉష్ణోగ్రత దిగడం మొదలై ఉంటుంది. వానలు రాకపోతే ఇది కొంత వెనక్కి జరుగుతుందే తప్ప క్రమం మారదు.

మే నెలలో నాలుగు కారణాలు ఒకచోట కలుస్తాయి. సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ఆకాశంలో మబ్బు ఉండదు. నేలలో తడి ఇంకిపోయి ఉంటుంది. నాలుగోది గాలి. మూడోదాని బలం చాలామందికి తెలియదు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలోకేలరీల వేడి కావాలి. నేల తడిగా ఉంటే ఎండలో పెద్ద వాటా ఈ పనికి ఖర్చయిపోతుంది, గాలిని వేడెక్కించడానికి తక్కువ మిగులుతుంది. మే నాటికి ఇక్కడి నల్లరేగడి నేలల్లో ఆవిరి కావడానికి నీరంటూ ఉండదు. రేగడి తడికి ఉబ్బి, ఆరితే కుంచించుకుపోయే స్వభావం గలది. చేలల్లో చెయ్యి దూరే పగుళ్లు పడతాయి. వచ్చిన ఎండంతా నేలనూ దాని మీది గాలినీ కాల్చడానికే పోతుంది.

గాలి విషయంలో డెల్టాకూ మెట్టకూ తేడా స్పష్టం. తీరంలోని బందరు వైపు మధ్యాహ్నం కాగానే సముద్రపు గాలి లోపలికి వచ్చి వేడిని తగ్గిస్తుంది. నేల వేడెక్కినంత వేగంగా సముద్రం వేడెక్కదు, ఆ తేడా వల్ల సముద్రం మీది చల్లగాలి ఒడ్డుకు నడుస్తుంది. వంద కిలోమీటర్ల లోపలున్న నందిగామకు ఆ గాలి చేరేసరికి పొద్దు వాలుతుంది. చాలా రోజులు చేరనే చేరదు. దక్కన్ పీఠభూమి మీదుగా వచ్చే పొడి పడమటి గాలి బలంగా ఉన్నప్పుడు సముద్రపు గాలిని తీరం దగ్గరే ఆపేస్తుంది. ఆ పడమటి గాలే వడగాలి. నందిగామలో భారత వాతావరణ శాఖ నమోదు కేంద్రం ఉంది. వేసవి నివేదికల్లో నది అవతలి పల్నాటిలోని రెంటచింతలతో పాటు నందిగామ పేరు కూడా తరచు కనబడటానికి కారణం ఈ స్థానమే. మేలో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలు, తీవ్రమైన రోజుల్లో 44, 45కు పోతుంది. 2015 మే చివరి వారాల్లో తెలుగు రాష్ట్రాలను పట్టుకున్న వడగాలికి ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు.

ఈ వేడికి మధ్యమధ్య అడ్డుకట్ట పడేది సాయంత్రపు గాలివానల వల్ల. ఏప్రిల్, మే నెలల్లో వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. బంగాళాఖాతం మీది తేమ దానికి తోడైతే మధ్యాహ్నం మూడింటికి తెల్లగా కనిపించిన మబ్బు అయిదింటికి నల్లటి క్యుములోనింబస్ మేఘం అవుతుంది. ముందు దుమ్ముతో ఈదురుగాలి, తర్వాత ఉరుములు, పిడుగులు, అరగంట వాన. మామిడి తోటలున్న వత్సవాయి, జగ్గయ్యపేట పల్లెల్లో చల్లబడిందన్న సుఖం కన్నా కాయ రాలిందన్న నష్టమే ఎక్కువగా గుర్తుంటుంది.

వానాకాలం

ఆగస్టు 5న సూర్యుడు రెండోసారి నడినెత్తికి వస్తాడు. మే 7కూ ఆ రోజుకూ వాతావరణపు పైపొరకు అందే సూర్యశక్తిలో తేడా ఒక శాతమే. అయినా మేలో 40 దాటే పగటి ఉష్ణోగ్రత ఆగస్టులో సాధారణంగా 32, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. మబ్బులు ఎండలో కొంత భాగాన్ని తిరిగి ఆకాశంలోకి తిప్పికొడతాయి. నేల మీద పడ్డ భాగంలో చాలా మటుకు తడి ఆవిరి కావడానికీ, పైరు ఆకుల నుంచి నీరు ఆవిరవడానికీ పోతుంది. సూర్యుని స్థానం ఒక్కటే చూసి వాతావరణం చెప్పబోతే ఈ ప్రాంతంలో ఆరు నెలలు తప్పు చెప్పాల్సి వస్తుంది.

ఆ మబ్బులు రావడానికి కారణం మాత్రం మళ్లీ సూర్యుడే. మార్చి నుంచి సూర్యుడు ఉత్తరానికి జరిగే కొద్దీ భారత ఉపఖండమూ టిబెట్ పీఠభూమీ వేడెక్కుతాయి. హిందూ మహాసముద్రం అంత త్వరగా వేడెక్కదు. భూమధ్యరేఖ దగ్గర ఉండే అల్పపీడన పట్టీ ఉత్తరానికి జరిగి జూలైలో గంగా మైదానం మీదికి చేరుతుంది. దాన్ని వెతుక్కుంటూ దక్షిణార్ధగోళపు ఆగ్నేయ గాలులు భూమధ్యరేఖ దాటతాయి. ఇక్కడ భూభ్రమణం పనిచేస్తుంది. తిరిగే భూమి మీద కదిలే గాలి ఉత్తరార్ధగోళంలో తన కుడివైపుకు మళ్లుతుంది. దక్షిణం నుంచి వచ్చే గాలి కుడికి మళ్లితే నైరుతి గాలి అవుతుంది. భూమి తిరగకుండా ఉంటే ఈ గాలికి నైరుతి అన్న పేరే ఉండేది కాదు.

నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ 1కి కేరళను తాకుతాయి. ఈ ప్రాంతానికి జూన్ మొదటి, రెండో వారాల్లో చేరతాయి. అరేబియా సముద్రం మీదుగా వచ్చే గాలి తన తేమలో పెద్ద వాటా పడమటి కనుమల దగ్గరే దించేసి వస్తుంది. అందువల్ల తొలకరి జల్లులు పోయాక మెట్టకు గట్టి వాన కావాలంటే బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడాలి. పాత కృష్ణా జిల్లా ఏడాది సగటు వాన దాదాపు 1000 మిల్లీమీటర్లు. అందులో సుమారు మూడింట రెండు వంతులు జూన్–సెప్టెంబరు మధ్యే పడుతుంది. సగటు అంటే ప్రతి నెలా సమంగా పడుతుందని కాదు. రెండు అల్పపీడనాల మధ్య మూడు వారాల బెట్ట వస్తే, నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు అందని చేలల్లో పత్తి, కంది మొక్కలు తల వాలుస్తాయి.

2023లో గట్టి వాన, బెట్ట రెండూ నెల వ్యవధిలో కనిపించాయి. జూలై చివరి వారంలో ఎగువన ఖమ్మం వైపు కురిసిన వానకు మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారి మునిగింది, హైదరాబాదు–విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, దేశం మొత్తం మీద 1901 నుంచి ఉన్న లెక్కల్లో అన్నిటికన్నా తక్కువ వాన పడిన ఆగస్టుగా నమోదైంది. పసిఫిక్ మహాసముద్రంలో అప్పుడు ఎల్ నినో ఉంది. అంటే అక్కడి నడిమి, తూర్పు జలాలు మామూలుకన్నా వేడెక్కిన స్థితి. సూర్యుడు, అక్షం, కక్ష్య ఏవీ మారకుండా ఎక్కడో సముద్రపు నీటి ఉష్ణోగ్రత మారినందుకు ఇక్కడ వాన ఆగిపోగలదు.

మరుసటి ఏడాది అల్పపీడనం రెండో ముఖం చూపించింది. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి ప్రాంతంలో ఒక వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. కళింగపట్నానికీ జగ్గయ్యపేటకూ మధ్య నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అయినా జగ్గయ్యపేట చుట్టుపక్కల ఒక్క రోజులో 20 సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. రుతుపవన కాలపు వాయుగుండాలకు అతి భారీ వాన కేంద్రంలో కాక దానికి నైరుతి దిక్కున పడుతుంది, జగ్గయ్యపేట ఆ దిక్కులోనే ఉంది. పాలేరు, మున్నేరు రెండూ ఒకేసారి పొంగాయి. కృష్ణకు పై నుంచి వచ్చిన వరదతో కలిపి విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2009 అక్టోబరు వరదను అది దాటేసింది. తీరం దాటిన చోటును చూసి ప్రమాదం ఎక్కడో ఉందనుకోవడం ఈ మెట్ట ప్రాంతానికి పనికిరాదు.

అక్టోబరు మధ్యకు నైరుతి వెనుదిరుగుతుంది. సూర్యుడు దక్షిణానికి పోయి ఉపఖండం చల్లబడటంతో గాలి దిక్కు తిరగబడి ఈశాన్యం నుంచి వీస్తుంది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు తుపానుల కాలం. వాటి సుడి కూడా భూభ్రమణం వల్లే. ఉత్తరార్ధగోళంలో అవి గడియారపు ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతాయి. బాపట్ల దగ్గర తీరం దాటిన తుపానుకు నందిగామ ఉత్తరాన ఉంటుంది కాబట్టి సముద్రం మీది తూర్పు గాలి తేమతో సహా ఇక్కడికి వచ్చి పడుతుంది. 2023 డిసెంబరు 5న అక్కడే తీరం దాటిన మిచౌంగ్ అలాంటిదే. గాలి తీవ్రత మెట్టకు వచ్చేసరికి తగ్గుతుంది గాని వాన తగ్గదు. కాయ పగిలి తీతకు వచ్చిన పత్తి ఆ సమయంలో చేలోనే ఉంటుంది, తడిసిన పత్తి రంగు మారి ధర పడిపోతుంది.

చలికాలం

డిసెంబరు, జనవరి నెలల్లో పగలు 30 డిగ్రీల దగ్గర హాయిగా ఉన్నా రాత్రులు బాగా చల్లబడతాయి. మబ్బు ఉన్న రాత్రి నేల వదిలే వేడిని మబ్బు తిరిగి కిందికే పంపుతుంది. చలికాలపు ఆకాశం శుభ్రంగా, గాలి పొడిగా ఉంటాయి కనుక ఆ వేడి నేరుగా అంతరిక్షంలోకి పోతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న బందరుకన్నా నందిగామలో పగటికీ రాత్రికీ తేడా ఎక్కువ. ఎండాకాలపు వేడిలో ముందుండే ఊరు చలిలోనూ కోస్తా ఊళ్లకన్నా ముందుండటానికి కారణం సముద్రం దూరం కావడమే. అతి తక్కువ ఉష్ణోగ్రత అర్ధరాత్రి కాక సూర్యోదయమైన కాసేపటికి నమోదవుతుంది. రాత్రంతా నేల వేడి కోల్పోతూనే ఉంటుంది, తొలి ఎండ దానికి సరిపడదు.

గాలి నిలిచిపోయిన తెల్లవారుజాముల్లో కృష్ణ ఒడ్డునా మున్నేటి పక్కనా ఉన్న తేమ పొగమంచుగా పేరుకుంటుంది. రహదారి మీద లారీలు దీపాలు వేసుకొని పాకుతాయి. మామిడి పూత ఈ రోజుల్లోనే వస్తుంది. మబ్బు పట్టి తేమ నిలిస్తే పూత మీద తేనెమంచు పురుగు, బూడిద తెగులు చేరతాయి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు. కోసిన కాయను కల్లంలో పలచగా పరిచి పది, పదిహేను రోజులు ఎండబెడతారు. పొద్దెక్కి మంచు ఆరాక పరుస్తారు, మధ్యాహ్నం ఒకసారి తిరగేస్తారు, పొద్దు వాలగానే కుప్ప చేసి పట్టా కప్పుతారు. రాత్రి చల్లబడిన నేల మీద గాలిలోని తేమ మంచు బిందువులై దిగుతుంది, కప్పని కాయ ఆ చెమ్మకు మెత్తబడి తెల్లమచ్చ పడుతుంది. అలాంటివన్నీ తాలు కింద వేరు చేయాల్సిందే, గుంటూరు యార్డులో తాలుకు పలికే ధర వేరు. సూర్యుని ఎత్తు, పగటి నిడివి, రాత్రి వేడి ఆకాశానికి పోవడం, ఇవన్నీ ఒక్క పట్టా కప్పే వేళలో లెక్కకు వస్తాయి. కల్లం కాసే రైతు ఆ లెక్క ఆకాశం చూసి వేస్తాడు.

కార్తెలు, పంచాంగం

ఇక్కడ ఉగాది, దసరా, దీపావళి చాంద్రమానంతో నడుస్తాయి. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులు, సౌర సంవత్సరానికి పదకొండు రోజులు తక్కువ. ఆ లోటును సుమారు ముప్పై రెండున్నర నెలలకు ఒక అధికమాసంతో పూడుస్తారు. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది అందుకే. పండుగ తేదీలు ఇలా ముందుకూ వెనక్కూ ఊగుతుంటాయి గనుక విత్తనం వేయడానికి తిథి పనికిరాదు. అందుకు రైతులు వాడేది కార్తె, అది పూర్తిగా సూర్యుని లెక్క.

సూర్యుడు ఆకాశంలో చుట్టి వచ్చే దారిని ఇరవై ఏడు నక్షత్ర భాగాలుగా చేస్తే, ఒక్కో భాగంలో ఉండే కాలం ఒక కార్తె. సగటున పదమూడున్నర రోజులు. అన్నీ సమానం కావు. భూమి సూర్యుడికి దూరంగా ఉన్న జూన్, జూలైలలో నెమ్మదిగా కదులుతుంది కాబట్టి ఆ కార్తెలు పద్నాలుగు రోజులు, దగ్గరగా ఉన్న డిసెంబరు, జనవరిలో కార్తెలు పదమూడు రోజులు ఉంటాయి. రోహిణి మే 25న మొదలై జూన్ 8 దాకా, తర్వాత మృగశిర, జూన్ 22 నుంచి ఆరుద్ర. రోహిణిలో రోళ్లు పగులుతాయన్నది, మృగశిరతో తొలకరి వస్తుందన్నది ఈ తేదీలకు చక్కగా సరిపోతాయి. గరికపాడులోని కృషి విజ్ఞాన కేంద్రం వారు వారాల లెక్కన సలహా ఇచ్చినా, పల్లెలో అది కార్తెలోకి మారిన తర్వాతే అమలవుతుంది.

సంవత్సరాన్ని ఆరు ఋతువులుగా చెప్పడం పుస్తకాల పద్ధతి. జనం వాడుకలో ఉన్నవి మూడే: ఎండాకాలం, వానాకాలం, చలికాలం. ఈ ప్రాంతపు వాతావరణానికి ఆరుకన్నా మూడే బాగా నప్పుతాయి. ఆ మూడింటికీ పాత ఆధారం జగ్గయ్యపేటలోనే దొరికింది. ఊరి దగ్గర ధనంబోడు మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడ స్తూపం వేదికల మీద నిలిపిన ఆయక స్తంభాల మీది ప్రాకృత శాసనాలు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలానివి, అంటే క్రీస్తుశకం మూడో శతాబ్దానివి. వాటిలో తేదీని మాసంతోనో తిథితోనో చెప్పలేదు. రాజ్యానికి వచ్చిన 20వ ఏడు, వానాకాలపు ఎనిమిదో పక్షం, పదో రోజు అని చెప్పారు. ఏడాదిని మూడు కాలాలుగా, ఒక్కో కాలాన్ని ఎనిమిది పక్షాలుగా విభజించిన లెక్క అది. ఎనిమిదో పక్షం అంటే వానాకాలపు చివరిది.

ఆ శాసనం చెక్కిన రోజుల్లో సూర్యుడు మకరరాశిలో ప్రవేశించడమూ, దక్షిణపు చివర నుంచి ఉత్తరానికి తిరగడమూ దాదాపు ఒకేసారి జరిగేవి. ఇప్పుడు ఆ మలుపు డిసెంబరు 21న, మకర సంక్రాంతి జనవరి 14న వస్తున్నాయి. భూమి అక్షం దిక్కు ఎప్పటికీ ఒకటే కాదు, సుమారు 25,800 ఏళ్లకు ఒక చుట్టు చొప్పున మెల్లగా తిరుగుతుంది. అందువల్ల నక్షత్రాలను పట్టుకొని లెక్కించే సంవత్సరం, కాలాలను పట్టుకొని లెక్కించే సంవత్సరం కంటే 71 ఏళ్లకు ఒక రోజు వెనకబడుతుంది. పదిహేడు వందల ఏళ్లలో ఆ తేడా ఇరవై నాలుగు రోజులైంది. మేఘనాద్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం దీన్ని సవరించమని 1955లో సిఫారసు చేసింది. 1957 నుంచి ప్రభుత్వ జాతీయ పంచాంగం మార్చి 22తో మొదలవుతున్నా, ఇళ్లలో వాడే పంచాంగాలు నక్షత్రాలను బట్టి వేసే పాత నిరయన లెక్కనే పట్టుకొని ఉన్నాయి.

కార్తెలూ అదే లెక్కకు కట్టుబడి జరుగుతున్నాయి. ధనంబోడు స్తూపం కాలంలో రోహిణి కార్తె, ఇప్పటి లెక్కలో చెబితే, మే 1 ప్రాంతంలో మొదలయ్యేది, మృగశిర మే నడిమికి పడేది. మృగశిరతో వానలొస్తాయన్న మాట అప్పుడు పుట్టి ఉండే అవకాశం లేదు. ఇప్పుడున్న కార్తె సామెతలు చాలా తర్వాతి శతాబ్దాలవి. ఈ జరుగుడు ఇలాగే సాగితే మరో పదిహేడు వందల ఏళ్లకు మృగశిర జూలై మొదటి వారంలో మొదలవుతుంది, అప్పుడు రోళ్లు పగిలేది భరణిలో, తొలకరి పడేది కృత్తికలో.